కువైట్ ఎడారిలో మొలిచిన ఈ పసుపు పూల మొక్క మన ఆవాలేనా, కుక్కవామింటా? కాయలు ఇంటికొచ్చాయి, పెరట్లో చల్లొచ్చా?

ఉదయగిరి కోడలు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. చలికాలంలో వాళ్ల కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) కుటుంబం ఎడారిలో గుడారాలు వేసుకుంటే ఈయనా వాళ్లతోపాటు అక్కడే ఉంటారు. పోయిన నవంబరులో అక్కడ రెండు మూడు వానలు పడ్డాయంట, జనవరికల్లా ఆ ఇసకలో ఎక్కడ చూసినా మొక్కలు లేచి ఫిబ్రవరిలో లేత పసుపు పూలు పూశాయి. ఫోటోలు పంపితే మా అత్తమ్మ చూసీ చూడగానే ఇది కుక్కవామింట, మన చేలల్లో ఉండేదే అన్నది. ఆయన మాత్రం ఆవాల మొక్కే అంటారు, ఆకు నలిపితే ఆవ వాసన వచ్చిందంట, పచ్చి కాయ కొరికితే నాలుక చుర్రుమన్నదంట.

మొక్క ఎట్లుందంటే, అడుగున ఆకులు నేలకి పరుచుకొని ముల్లంగి ఆకుల్లాగా రెండు వైపులా చీలికలతో ఉన్నాయి, మీద గరుకు నూగు. పైన కొమ్మలకి ఆకులు లేవనే చెప్పాలి, ఒట్టి కాడలు, వాటి చివర చిన్న పూలు, కింద సన్నటి పొడుగు కాయలు. మొక్క మోకాలి ఎత్తు.

ఏప్రిల్‌లో సెలవుకి వచ్చేటప్పుడు ఎండిన కాయలు గుప్పెడు చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చారు. నీళ్లే లేని చోట అంత బాగా వచ్చింది కదా, మన మెట్టలో ఇంకా బాగా వస్తుంది, ఈ సారి వానలకి పెరట్లో చల్లి చూద్దాం అంటున్నారు. నాకెందుకో భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఇదేం మొక్క, మన ఆవాలకి చుట్టమా, చల్లొచ్చా, తినొచ్చా?

వింజమూరు రైతు:

అమ్మా, మీ అత్తగారు చెప్పిందే నాకూ అనిపిస్తోంది. కుక్కవామింట మా కంది చేలో, చెనిక్కాయ చేలో తొలకరి పడితే చాలు గుంపులుగా లేస్తుంది. పూలు పసుపే, కాయ పొడుగే, గింజ ఆవగింజంతే. మా నాయనమ్మ ఆ గింజలు నూరి పిల్లల కడుపులో పురుగులకి ఇచ్చేది, కొందరు తాలింపులో కూడా వేసేవాళ్లు. కువైట్‌లో ఉంటే ఉండొచ్చు, గాలికి గింజ ఎక్కడికైనా పోతుంది కదా. ఆవాలైతే కొమ్మ పొడుగునా ఆకులుండాలి, మీరేమో పైన ఆకులే లేవంటున్నారు.

ఫర్వానియా నుంచి:

అక్కా, నేను ఇక్కడ కువైట్‌లోనే ఉంటాను, మాది కలిగిరి. వాన పడిన ఏడాది ఎడారి రోడ్డుకి రెండు పక్కలా ఈ పసుపు పూలు నేనూ చూశాను. ఇక్కడ మార్కెట్లో జర్జీర్ అని ఆకు కట్టలు అమ్ముతారు, అదీ ఇట్లాగే ఘాటుగా ఉంటుంది, కబాబ్ పక్కన పచ్చిగానే పెడతారు. అడవి జర్జీర్ అయ్యుంటుందేమో చూడండి. అదైతే నిక్షేపంగా తినొచ్చు.

బాటనీ మాస్టారు, ఒంగోలు:

అమ్మా, మీరు మొక్కని వర్ణించిన తీరు చాలా బాగుంది, సగం జవాబు అందులోనే ఉంది. ముప్ఫై ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకి ఈ కుటుంబం చెప్పినవాణ్ణి, అందుకని మాట ఇవ్వకముందు మీతో కాయ విప్పించాలనుకుంటున్నాను. ఆవ కుటుంబంలో పువ్వు చూసి మొక్క పేరు చెప్పడం ఎవరికైనా కష్టమే, నాలుగు రేకులూ ఎదురెదురుగా శిలువ ఆకారంలో అన్నిట్లోనూ ఒకేలా ఉంటాయి. తేడాలన్నీ కాయలో ఉంటాయి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కల్ని వర్గాలు చేసినప్పుడు ఆరు కేసరాల్లో (పువ్వులో పుప్పొడి మోసే కాడల్లో) నాలుగు పొడుగు, రెండు పొట్టి ఉన్నవాటిని ఒక తరగతిగా పెట్టి, దాన్ని మళ్లీ రెండు భాగాలు చేసింది కాయ పొట్టిదా పొడుగుదా అనేదాన్ని బట్టే.

ఇప్పుడు ఒక ఎండు కాయ తీసుకొని తెల్ల పళ్లెంలో పెట్టి మెల్లగా విప్పండి. రెండు పక్కల పెంకులూ ఊడిపోయాక మధ్యలో ఏం మిగిలిందో చూడండి. పలుచటి తెల్ల పొర మిగిలితే ఆవ కుటుంబం. పొర లేకుండా చుట్టూ అంచు దారం ఒక్కటే మిగిలితే వామింట కుటుంబం. ఆ అంచు చట్రాన్ని రెప్లమ్ అంటాం, అది రెండిట్లోనూ ఉంటుంది, కానీ దానికి అడ్డంగా బిగించిన పొర ఆవ కుటుంబంలోనే ఉంటుంది. ఇదొక్కటి చాలు మీ అత్తగారికీ మీ ఆయనకీ మధ్య తగువు తేల్చడానికి.

అట్లాగే ఒక్కో అరలో గింజలు ఒకే వరసలో ఉన్నాయా, రెండు వరసల్లోనా? ఆ ఎడారుల్లోనే డిప్లోటాక్సిస్ హర్రా అని ఇంకో పసుపు పూల మొక్క ఉంటుంది, దాని పేరుకి అర్థమే రెండు వరసలని, పైగా దాని కాయలు కిందికి వేలాడతాయి. కాయ చివర ముక్కు లాంటిది ఉంటుంది, అదెంత పొడుగు, బల్లపరుపుగా ఉందా గుండ్రంగా ఉందా, దాని లోపల కూడా గింజ ఉందా? చివరగా నాలుగు గింజలు చెంచాడు నీళ్లలో వేసి పది నిమిషాలు ఆగి చూడండి. నీళ్లు తర్వాత పెరట్లో పారబోయకండి, పొయ్యిలో వెయ్యండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఉదయగిరి కోడలు:

మాస్టారూ, మధ్యాన్నం అత్తమ్మ, నేను, మా పెద్దపాప ముగ్గురం కూర్చొని చూశాం. కాయ రెండున్నర అంగుళాలు ఉంది, గింజ ఉన్నచోట ఉబ్బి, గింజకీ గింజకీ మధ్య కొంచెం నొక్కుకుపోయి పూసల దండలాగా ఉంది. గోరుతో కింద నుంచి లేపితే రెండు పెంకులూ పడవల్లా ఊడి వచ్చాయి. మధ్యలో పొర ఉంది. ఉల్లిపాయ లోపలి పొర కంటే పలుచగా, వెలుతురుకి పెడితే మెరుస్తోంది, గింజలు ఆనిన చోట్ల చిన్న గుంటలు పడ్డాయి. గింజలు ఒక్కో అరలో ఒకటే వరస.

ముక్కు అర అంగుళం పైనే ఉంది, గుండ్రంగా చివరికి సన్నబడింది, బల్లపరుపుగా లేదు. దాన్ని చీలిస్తే లోపల ఒక గింజ దొరికింది. ఇంకో కాయలో చూస్తే దానిలోనూ ఒకటుంది. పాప అయితే ఆ ముక్కులో గింజ దొరికేసరికి ఎగిరి గంతేసింది.

గింజలు మన తాలింపు ఆవాల కంటే చిన్నవి, ఎర్రటి గోధుమ రంగు, గుండ్రంగా పళ్లెంలో దొర్లుతున్నాయి. నీళ్లలో వేస్తే సబ్జా గింజలంత కాదు గానీ చుట్టూ సన్నటి జిగురు పట్టింది, చెంచా వంచినా గింజలు జారి పడలేదు, లోహానికి అతుక్కున్నాయి. అత్తమ్మ కుక్కవామింట అనే మాట వెనక్కి తీసుకుంది, ఆ గింజ ముడతలు పడి ఉంటుంది, ఇంత నున్నగా ఉండదు అని ఆమే చెప్పింది.

బాటనీ మాస్టారు, ఒంగోలు:

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి, ఆ ముడతల సంగతి నేను రాయడం మర్చిపోయాను, ఆమె సరిగ్గా పట్టుకున్నారు.

ఇది బ్రాసికా టూర్నెఫోర్టీ. సహారా ఆవ అంటారు, ఎడారి ఆవ అని మనం పిలుచుకోవచ్చు. పైన ఆకుల్లేని కాడలు, నేలకి పరుచుకున్న గరుకు ఆకులు, లేత పసుపు చిన్న పూలు, పూసల్లాంటి కాయ, గింజ దాచుకున్న పొడుగు ముక్కు, తడిస్తే జిగురు, ఇవన్నీ కలిసి ఇంకో మొక్కకి సరిపోవు. జర్జీర్ కాదు, దాని రేకుల మీద ముదురు ఊదా గీతలుంటాయి, దాని కాయ ముక్కు కత్తిలా బల్లపరుపుగా ఉండి లోపల గింజ ఉండదు.

పేరు సంగతి చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగం ఇది. టూర్నెఫోర్ అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కంటే ముందు తరం మనిషి, 1708లో పోయాడు, మొక్కల్లో ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, అనే భావనని గట్టిగా నిలబెట్టినవాడు. ఆయన పేరుమీద 1773లో ఆంటోయిన్ గువాన్ అనే ఇంకో ఫ్రెంచ్ ఆయన ఈ మొక్కకి పేరు పెట్టాడు. సొంత ఊరు ఉత్తర ఆఫ్రికా నుంచి అరబ్ దేశాల మీదుగా పాకిస్తాన్, మన వాయవ్య మూల దాకా. అంటే కువైట్‌లో అది పరాయిది కాదు, సొంత ఇంట్లో ఉన్న మొక్క.

మన ఆవాలకి చుట్టమా అన్నారు. ఒకే ప్రజాతి కాబట్టి దగ్గర చుట్టమే, కానీ మనింటి ఆవాల పుట్టుకలో దీనికి భాగం లేదు. 1935లో నగహారు ఊ అనే శాస్త్రవేత్త బ్రాసికా పంటల లెక్క తేల్చాడు. మూడు మూల జాతులు, నల్ల ఆవ, క్యాబేజీ జాతి, టర్నిప్ జాతి, వీటి బీజకణాల్లో క్రోమోజోములు వరుసగా 8, 9, 10. ఇవి రెండేసి కలిస్తే మిగతా మూడు పంటలు పుట్టాయి. మనం బజారులో కొనే ఆవాలు బ్రాసికా జున్సియా, నల్ల ఆవ 8, టర్నిప్ జాతి 10 కలిసి 18. దీన్ని ఊ త్రిభుజం అంటారు. ఎడారి ఆవకి కూడా 10 క్రోమోజోములే, కానీ టర్నిప్ జాతి 10 వేరు, ఇవి వేరు, ఇది త్రిభుజం బయట నిలబడ్డ జాతి. అయినా పంటవాళ్లు దీన్ని వదల్లేదు, ఆవ హైబ్రిడ్ల కోసం వాడిన మగవంధ్య (పనికొచ్చే పుప్పొడి పుట్టని) రకాల్లో టూర్ అనే రకం పేరు దీన్నుంచి వచ్చిందే.

ఇక వింజమూరు ఆయన చెప్పిన కుక్కవామింట కూడా మరీ పరాయిది కాదండి. ఒకప్పుడు వామింటల్ని ముళ్ల పొదలుగా పెరిగే కప్పారిస్ కుటుంబంలో కలిపి చదివేవాళ్లం, నేనూ అట్లాగే పాఠం చెప్పాను. డీఎన్‌ఏ చూడటం మొదలయ్యాక వామింటలు కప్పారిస్‌ల కంటే ఆవాలకే దగ్గరని తేలింది. 1998లో ఏపీజీ అనే వృక్షశాస్త్రవేత్తల బృందం చేసిన వర్గీకరణ ఈ మూడింటినీ కలిపి ఒకే కుటుంబం చేసింది, 2009లో వచ్చిన మూడో కూర్పులో మళ్లీ మూడు కుటుంబాలు చేశారు. అక్కచెల్లెళ్లు రెండు, పెదనాన్న కూతురు ఒకటి అనుకోండి. కాబట్టి మీ అత్తగారు తప్పు చెప్పినా పక్కింటి గడపలోనే ఆగారు. కుక్కవామింట పువ్వు ఈసారి దగ్గరగా చూడండి, నాలుగు రేకులూ శిలువలా పరుచుకోవు, అన్నీ ఒకవైపుకే లేచి ఉంటాయి, కేసరాలు ఆరు కాదు, పది ఇరవై దాకా ఉంటాయి, మొక్కంతా చేతికి అంటుకుంటుంది.

ఇంకో ముక్క. మునగ, బొప్పాయి కూడా ఇదే క్రమంలోనివి, క్రమం అంటే దగ్గరి కుటుంబాలన్నీ కలిసిన పెద్ద గుంపు. నమ్మకపోతే బొప్పాయి గింజ ఒకటి కొరికి చూడండి, ఆవ ఘాటు నాలుక మీదే తెలుస్తుంది.

కావలి వంటిల్లు:

మాస్టారు గారూ, బొప్పాయి గింజ ఇప్పుడే కొరికాను, నిజమేనండి, ఇన్నేళ్లూ పారేస్తున్నాను! ఒక సందేహం. ఆవాలు తాలింపులో వేస్తే ఘాటే ఉండదు, ఆవపిండి కలిపితే మాత్రం కళ్లలో నీళ్లొస్తాయి. అదే గింజ కదా, ఎందుకట్లా?

ఉదయగిరి అమ్మాయికి ఒక మాట. తెలియని గింజల్ని తాలింపులో మాత్రం వెయ్యకమ్మా. రోడ్ల పక్కన బలురక్కసి ఉంటుంది చూడు, ముళ్ల ఆకు, పసుపు పువ్వు, విరిస్తే పసుపు పాలు కారుతాయి. దాని గింజ ఆవాల్లో కలిస్తే పసిగట్టడం కష్టం. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె వాడి జనం కాళ్లు వాచి ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. నేను ఆవాలు కొన్నాక ఇప్పటికీ చాటలో పోసి ఒకసారి చూస్తాను.

బాటనీ మాస్టారు, ఒంగోలు:

మంచి ప్రశ్నమ్మా. గింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గ్లూకోసినోలేట్ అనే పదార్థం ఒక చోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. నూరి తడి తగిలిస్తే రెండూ కలిసి అప్పటికప్పుడు ఘాటు పుడుతుంది. కాగిన నూనెలో గింజని అట్లాగే వేస్తే ఎంజైమ్ మాడిపోతుంది, ఇక కలిసేదేముంది. పురుగు కొరికినప్పుడు దాని నోట్లో కూడా ఇదే జరుగుతుంది, మొక్క ఆ ఏర్పాటు చేసుకున్నది అందుకే. బలురక్కసి గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, అది గసగసాల కుటుంబం, ఆవాలకి ఏమీ కాదు.

ఉదయగిరి అమ్మా, ఇప్పుడు అసలు విషయం. దయచేసి ఆ గింజలు చల్లకండి.

ఈ మొక్క అమెరికాలో చేసిన పని చెబుతాను. 1927లో కాలిఫోర్నియా కోచెల్లా లోయలో మొదటిసారి దొరికింది. పశ్చిమాసియా నుంచి తెప్పించిన ఖర్జూరపు మొక్కలతో పాటు వచ్చిందని అనుకుంటారు. ఇవాళ అక్కడి ఎడారుల్లో మైళ్ల కొద్దీ అదే. వాన పడగానే మిగతావాటికంటే ముందే మొలిచి, ఆ పరుచుకున్న ఆకులతో నేలని కప్పేసి, అక్కడి అడవి పూలకి వెలుతురూ తేమా అందకుండా చేస్తుంది. ఇంకో మొక్క పుప్పొడి కోసం, తేనెటీగ కోసం చూడాల్సిన పని లేదు, తన పుప్పొడితో తనే కాయ కడుతుంది, అంటే ఒక్క మొక్క చాలు ఊరంతా నింపడానికి. ఎండిపోయాక మొదలు దగ్గర విరిగి గాలికి దొర్లుకుంటూ గింజలు రాలుస్తూ పోతుంది. మీరు చెంచాలో చూసిన జిగురు గుర్తుందా, తడి రోడ్డు మీద ఆ గింజ బండి చక్రానికి అట్లాగే అతుక్కొని పోతుంది.

మీ ఆయన ఆలోచన నాకు అర్థమైంది, వానలేని చోట పంట కోసం మెట్ట మనిషి పడే ఆరాటం అది. కానీ ఒకటి గమనించండి. కువైట్‌లో దీనికి పనికొచ్చింది నవంబరు వాన. మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు కూడా అక్టోబరు, నవంబరుల్లోనే. ఇసక నేలలూ మనకి తక్కువేమీ లేవు. మన దగ్గర నిలవదులే అని ధైర్యం చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. పైగా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశం నుంచి విత్తనం తేవాలంటే ముందే అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. చేతిరుమాల్లో కుదరదు. తెలియక తెచ్చారు, ఇక ముందు వద్దని చెప్పండి. మెట్టలో ఆవాలు కావాలంటే విత్తనాల దుకాణంలో మంచి జున్సియా రకాలు దొరుకుతాయి, చలి నెలల్లో వేసి చూడమనండి.

వింజమూరు రైతు:

మాస్టారూ, నేను కుక్కవామింట అని గట్టిగా చెప్పాను, కాయ విప్పకుండా చెప్పినందుకు ఏమనుకోకండి. ఈ చివరి మాట మాత్రం నాకు బాగా ఎక్కింది. సర్కారు తుమ్మ కట్టెకి పనికొస్తుందనే తెచ్చారు, ఇప్పుడు మా చెరువు లోపలంతా అదే, గొర్రెలు దాటడానికి దారి లేదు. వయ్యారిభామ 1950ల్లో గోధుమలతో వచ్చిందంటారు, మా గట్ల మీద పీకీ పీకీ చేతులకి దద్దుర్లు లేచాయి. అమ్మా, ఆ రుమాలు కూడా జాగ్రత్త. కాలవ దగ్గర ఉతకవద్దు, మూలల్లో గింజలు ఇరుక్కొని ఉంటాయి.

ఫర్వానియా నుంచి:

మాస్టారు చెప్పాక నా ఫోన్లో పాత ఫోటోలు తిరగేశాను, ఆ రోడ్డు పక్క మొక్కలకీ పైన ఆకుల్లేని కాడలే ఉన్నాయి. ఇన్నేళ్లు జర్జీర్ అనుకొని పక్కనుంచే పోయాను. ఆకు తిన్నవాళ్లెవరూ నాకు కనపడలేదక్కా, మీరూ తినొద్దు.

ఉదయగిరి కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆయన వీడియో కాల్‌లో ఉండగానే మాస్టారి జవాబంతా చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ ఇసకలో అన్నాళ్లు ఒంటరిగా ఉంటే ఆ పచ్చదనం చూసి ఊరు గుర్తొచ్చేదంట, అందుకే తెచ్చానన్నారు. తర్వాత ఆయనే పొయ్యిలో వేసెయ్యమన్నారు. రాత్రి అన్నం వండేటప్పుడు కాయలన్నీ కట్టెల పొయ్యిలో వేశాం, చిటపటమని పేలాయి, ఇంట్లో కొంచెం ఆవ వాసన వచ్చింది. రుమాలుని సలసల కాగే నీళ్లలో వేసి ఆ నీళ్లు కూడా నిప్పుల మీదే పోశాను. పాప ఒక్క పొర మాత్రం, గింజలు లేనిది, పుస్తకంలో పెట్టుకుంటానంటే చూసి ఇచ్చాను.

ఒక్క సందేహం మాస్టారూ. ఈ చలికాలం ఆయన మళ్లీ అక్కడే ఉంటారు, పువ్వుని బాగా దగ్గరగా ఫోటో తీసి పంపుతానన్నారు. ఆ నాలుగు పొడుగు, రెండు పొట్టి కేసరాలు ఫోన్ కెమెరాలో కనపడతాయా?

బాటనీ మాస్టారు, ఒంగోలు:

కనపడతాయమ్మా. పొద్దున్నే, గాలి లేవకముందు తియ్యమనండి. ముందున్న ఒక రేకుని మెల్లగా తుంచి, పువ్వు వెనక నల్ల గుడ్డ పెట్టి పక్కనుంచి తీస్తే ఆరూ తెలుస్తాయి. పొట్టివి రెండూ ఎదురెదురుగా అటూ ఇటూ ఉంటాయి. ఫోటో ఇక్కడే పెట్టండి, పాప లెక్కపెట్టాక.